సుద్దముక్క వకీలు

రాయపూర్ కోర్టు బార్ రూము బయట బోర్డు మీద అంటించిన సంతాప ప్రకటనలో ఆయన పేరు మూడు చోట్ల తప్పు పడింది. ఇంటిపేరు అసలు పేరైంది. అసలు పేరు తండ్రి పేరైంది. తండ్రి పేరు ఊరి పేరైంది. ఊరు ఎక్కడికి పోయిందో తెలియదు. చదివిన వాళ్ళంతా "కౌన్ థే?" ఎవరీయన అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఇరవై ఏళ్ళు అదే వరండాలో తిరిగిన మనిషి. "సుద్దముక్క పెట్టుకుని తిరిగే ఆయన" అని నేను చెప్పాక, "అరే, చాక్‌వాలే వకీల్ సాబ్!" అని అందరూ అప్పుడు నిజంగా బాధపడ్డారు. అందుకని నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. తప్పు రాయడానికి ఇప్పటికే తగినంతమంది ఉన్నారు.

మా దగ్గర ఒక వకీలు పోతే ఆ రోజుకి మిగతా వకీళ్ళు పని మానేస్తారు. అది మర్యాద. ఆయనకి ఆ మర్యాదంటే ఒళ్ళుమంట.

"సిల్తారా నుంచి రెండు బస్సులు మారి, ఆ రోజు కూలి వదులుకుని వచ్చినవాణ్ణి, ఎవడో పోయాడు నువ్వు వచ్చే నెల రా అని పంపేస్తారు. పోయినవాడి కంటే వీడికే ఎక్కువ సంతాపం" అనేవారు. "నేను పోయిన రోజు మాత్రం కోర్టు ఆపొద్దని చెప్పరా ఫెలో."

"ఇప్పుడే ఒక అర్జీ రాసి ఉంచండి బాబాయి గారూ. ఆ రోజు మీకు వీలుపడదు" అన్నాను.

జోకనుకునే అన్నాను. ఆయన పోయిన మర్నాడు లేబర్ కోర్టులో చెప్పాల్సిన తీర్పు ఒకే ఒక్కటి. అది ఆయన కేసే. మూడేళ్ళుగా నడుస్తున్న కేసు. సగం నా మూలంగా నడిచిన కేసు.

ఫెలో అన్నది నా బిరుదు. లా రెండో సంవత్సరంలో ఉండగా ఢిల్లీలోని ఒక సంస్థ వేసవి ఫెలోషిప్ ప్రకటించింది. కులాన్ని బట్టో, భాషను బట్టో, ఎక్కడినుంచి వచ్చారన్న దాన్ని బట్టో అందరూ పక్కకి నెట్టేసే మనుషుల తరఫున వాదించాలనుకునే లా విద్యార్థులకి రెండు నెలల శిక్షణ. వేసవిలో పెద్ద కోర్టులన్నీ సెలవులో ఉంటాయని పథకం రాసిన వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేరు. నా ఉద్దేశం ఢిల్లీ చూడటం. రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి, వ్యాగన్ వర్క్‌షాపు సైరనుకి నిద్ర లేచి, సైరనుకి అన్నం తిని పెరిగినవాడికి అదేమీ అత్యాశ కాదు. ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకి "న్యాయం నా రక్తంలోనే ఉంది" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపాను. మాతృభాష తెలుగు అని కూడా నింపాను. అదే కొంప ముంచింది. ఢిల్లీ వాళ్ళు చాలా సంతోషించి, రాయపూర్‌లోనే తెలుగు కూలీల కేసులు చూసే ఒక వకీలు దగ్గరికి నన్ను పంపారు. ఆయన గది తెలీబంధాలో. మా ఇంటి నుంచి సైకిలు మీద అరగంట. అమ్మ మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వచ్చెయ్యమంది.

మొదటి రోజు వెళ్ళేసరికి ఆయన నా దరఖాస్తు చదువుతున్నారు. కూలరు గర్జిస్తోంది గాని గాలి రావడం లేదు. ఆయన ఎడమ కాలి బూటు విప్పి పక్కన పెట్టుకుని ఉన్నారు. ఆనెకాయ. కోర్టు వరండాలో కూడా ఒంటి బూటుతోనే కూర్చునేవారని తరవాత తెలిసింది.

"న్యాయం రక్తంలో ఉందన్నావు. పరీక్ష చేయించావా?"

"లేదండీ."

"చేయించు. మలేరియా కూడా ఉంటుంది ఈ సీజన్లో." కళ్ళద్దాల మీంచి చూశారు. "మీ నాన్న, నేను ఒకే షాపులో చేశాం. వాడి మాటకి ముందు నవ్వు వచ్చేది. నీకూ వచ్చినట్టుంది ఆ జబ్బు. సర్ అనకు, బాబాయి అను. ఆ గ్లాసు ఇలా ఇయ్యి."

ఆయన వ్యాగన్ వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ సాయంత్రం కాలేజీలో లా చదివి, పదవీ విరమణ దాకా ఆగకుండానే నల్లకోటు తొడిగిన మనిషి. కోటు అయితే నల్లదే గాని, కుడి జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. అందులో సుద్దముక్కలు. వర్క్‌షాపులో, అక్కడివాళ్ళ మాటలో షాపులో, పాడైన వ్యాగన్ మీద సుద్దతో "సిక్" అని రాస్తారు. మరమ్మతు అయ్యాక అది చెరిపి "ఫిట్" అని రాస్తారు. ఆయన ఫైళ్ళ అట్టల మీద కూడా అంతే. గదిలో నేల నుంచి కప్పు దాకా సిక్, సిక్, సిక్. నేను వెళ్ళిన కొత్తలో ఫిట్ అన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, ఒక చేతికే ఆగిపోయాను.

"గెలవని కేసులు ఇన్ని ఎందుకు పెట్టుకుంటారు బాబాయి గారూ? పాత కాగితాల వాడికి అమ్మేస్తే కూలరైనా కొత్తది వస్తుంది."

"సిక్ అంటే చచ్చిందని కాదురా. పట్టాల మీద నిలబడే ఉంది, నడవడం లేదు, అంతే."

ఆయన కేసు వినే పద్ధతి కూడా వర్క్‌షాపుదే. చక్రం పగిలిందో లేదో తెలియడానికి సుత్తితో కొట్టి మోత వింటారట. క్లయింటు చేత జరిగింది మూడుసార్లు చెప్పించేవారు. కళ్ళు మూసుకుని, పెన్సిలుతో బల్ల మీద కొడుతూ వినేవారు. నిద్రపోతున్నారని మొదటివారం నా అభిప్రాయం. రెండో వారం కూడా అదే అభిప్రాయం గాని, ఉన్నట్టుండి పెన్సిలు ఆపి "ఇక్కడ మోత తేడాగా ఉంది, మళ్ళీ చెప్పు" అనేవారు. చెప్పేవాడు తల గోక్కుని అప్పుడు అసలు సంగతి చెప్పేవాడు.

ఆ మూడో వారంలో ఆ అమ్మాయి వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. శ్రీకాకుళం వైపు పల్లె. తల్లి పోయాక, సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీకి కాంట్రాక్టరు కింద పనిచేసే తండ్రి దగ్గరికి వచ్చి ఏడాదైంది. ఆ తండ్రి కొలిమి దగ్గర ప్రమాదంలో పోయాడు. నష్టపరిహారం కేసు. పెళ్ళికాని కూతురికి హక్కుంది, ఆమె తప్ప ఎవరూ లేరు. చేతిలో తండ్రి సామాన్లు ఉన్న సంచి ఉంది. అందులోంచి ఒక టిఫిన్ క్యారియరు తీసి, ఇది సాక్ష్యం కింద పనికొస్తుందా అని అడిగింది. ఆయన నవ్వలేదు. "పనికొస్తుందమ్మా, జాగ్రత్తగా ఉంచు" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

ఆమె వాంగ్మూలం అంతకుముందే కార్మిక శాఖ ఆఫీసులో ఒక గుమాస్తా హిందీలో రాసుకున్నాడు. నకలు తెచ్చి చదవడం నా పని. చదివాను. చనిపోయిన మనిషి నీకేమవుతాడు అని గుమాస్తా అడిగాడు. ఆమె "నాన" అంది. ఆ వైపు వాళ్ళు నాన్నలో ఒత్తు మింగేస్తారు. గుమాస్తా విన్నది విన్నట్టు "నానా" అని రాశాడు. హిందీలో నానా అంటే తల్లికి తండ్రి. కింద ఆమె తెలుగులో సంతకం పెట్టింది.

ఇంత మంచి సరుకు దొరికితే నేను ఊరుకోగలనా? మర్నాడు బార్ క్యాంటీన్లో సమోసాల దగ్గర నిలబడి హిందీలో చెప్పాను: మా క్లయింటు నాన్న చచ్చి, కాగితంలో తాతై లేచాడు, గుమాస్తా ఒక్క అక్షరం మింగి ఒక తరాన్నే మింగేశాడు అని. క్యాంటీనంతా నవ్వింది. నా పక్కన ఒక పెద్దమనిషి, నున్నగా దువ్విన జుట్టు, అందరికంటే ఎక్కువ నవ్వాడు. "వాహ్ బేటా. ఏ కేసు ఇది?" అని అడిగాడు. చెప్పాను. నా సమోసా డబ్బులు ఆయనే ఇచ్చేశాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

ఆయన కాంట్రాక్టరు తరఫు వకీలు.

సోమవారం వాయిదాకి ఆ నకలు పట్టుకుని బాబాయి గారి కంటే ముందే లేచాడు. చనిపోయినవాడు ఈమెకి మాతామహుడని ఆమే స్వయంగా చెప్పింది, కాబట్టి ఈమె కూతురు కాదు, ఈమె తండ్రి ఎక్కడో బతికే ఉండాలి, ముందు అతన్ని తీసుకురమ్మనండి అన్నాడు. జడ్జి ఆ అమ్మాయిని పిలిచారు. కాంట్రాక్టరు వకీలు చాలా మృదువుగా అడిగాడు.

"బేటీ, తుమ్హారా బాప్?"

"మర్ గయా" అంది, చనిపోయాడని. అప్పటికి ఆమెకి వచ్చిన హిందీలో అదొకటి.

"ఔర్ నానా?"

అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాడనుకుంది. "మర్ గయా."

"దోనో? ఏక్ హీ దిన్?" ఇద్దరూ ఒక్కరోజేనా అన్నాడు.

"హా. ఏక్ హీ దిన్."

కోర్టు గొల్లుమంది. టైపిస్టు నవ్వాడు, బంట్రోతు నవ్వాడు, జడ్జి కర్చీఫు అడ్డం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి చుట్టూ చూసి, అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వింది.

అది నా జోకు. నాకు తప్ప అందరికీ నవ్వొచ్చింది.

తెలీబంధా దాకా ముగ్గురం రిక్షాలో వచ్చాం. గదిలోకి వచ్చాక ఆయన ఎడమ బూటు విప్పి, ఫైలు తెరిచి, ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. వాంగ్మూలంలో తప్పు దిద్దమని అర్జీ. తేదీ చూశాను. నేను నకలు తెచ్చిన రోజుది. ఆయన ఆ సాయంత్రమే చూశారన్నమాట. అమ్మాయి సంతకం కోసం ఆగారు. ఆమె సోమవారం, వాయిదా రోజునే, వస్తానంది. నేను శనివారం సమోసా తిన్నాను.

"క్యాంటీన్లో ఏదో జోకు చెప్పావట. బాగుందని అందరూ అంటున్నారు. నాకు చెప్పలేదేం?"

"తప్పైపోయింది బాబాయి గారూ."

"తప్పు సంగతి కాదు. జోకు చెప్పు. నాక్కాదు, ఈ అమ్మాయికి. తెలుగులో చెప్పు. పాపం ఇందాక అర్థం కాకుండా నవ్వింది."

నేను చాలా చోట్ల చాలా జోకులు చెప్పాను. అంత నెమ్మదిగా, అంత పొడిగా, గోడ మీది క్యాలెండరు చూస్తూ ఏదీ చెప్పలేదు. నాన అన్న మాట హిందీలో నానా అయిందని, అంటే తాత అని, అందుకని అందరూ నవ్వారని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, కాసేపు లెక్క కట్టుకుంది.

"అయితే కాయితంలో మా నాన ముసిలోడైపోనాడా అన్నా?"

"అంతే."

"పోన్లే" అంది. "కాయితంలోనైనా ముసిలోడయ్యాడు."

బాబాయి గారు జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ ఫైలు అట్ట మీద "సిక్" అని రాశారు. రాసి, వేళ్ళు కోటుకి తుడుచుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. తిట్టేస్తే ఒకరోజుతో పోయేది.

ఆ తరవాతి వాయిదాకి కాంట్రాక్టరు వకీలు ఇంకాస్త ముందుకెళ్ళాడు. "హుజూర్, ఈ మద్రాసీల్లో మేనమామని పెళ్ళాడతారు. వీళ్ళ ఇళ్ళల్లో ఎవరు నానో, ఎవరు బాపో వాళ్ళకే తెలియదు." మళ్ళీ నవ్వు సిద్ధమైంది. బాబాయి గారు లేచారు. ఒంటి బూటు. తొందరలో రెండోది తొడుక్కోలేదు.

"నిజమే హుజూర్," అన్నారు ఆయన హిందీలో, చాలా అలసటగా. "నా భార్య మా అక్క కూతురు. మా పిల్లల నానా నాకు బావ. ముప్ఫై ఏళ్ళైంది. పండక్కి అందరం ఒకే పంక్తిలో కూర్చుంటాం. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరూ తప్పిపోలేదు."

జడ్జి ఈసారి కర్చీఫు అడ్డం పెట్టుకోలేదు. బాబాయి గారు అమ్మాయి వైపు తిరిగి తెలుగులో అడిగారు.

"అమ్మా, మీ అమ్మని కన్న ఆయన్ని నువ్వేమని పిలుస్తావు?"

"తాత."

"క్యా బోలీ?" అన్నారు జడ్జి. టైపిస్టు చెయ్యి ఆపి అయోమయంగా చూశాడు. వాడి చెవికి అది లారీల ముందు రాసి ఉండే మాటలా వినిపించింది. దాంతో, తెలుగు వచ్చిన దుబాసీ ఒకరిని కోర్టే పెట్టాలి, అంతదాకా వాయిదా అన్నారు జడ్జి. దుబాసీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది. రాయపూర్ నిండా తెలుగువాళ్ళే. కాని కోర్టు గుర్తించిన తెలుగువాడు కావాలి. దొరికినవాడు రెండు వాయిదాలకి జ్వరంతో రాలేదు, మూడోదానికి బదిలీ అయ్యాడు. తరవాత జడ్జి బదిలీ అయ్యారు. కొత్త జడ్జి మొదటినుంచి చెప్పమన్నారు. ఆ అమ్మాయి ప్రతి వాయిదాకీ వచ్చేది, క్యారియరు సంచిలో పెట్టుకుని. ఒకసారి అందులో మా ఇద్దరికీ ఉప్పుడుపిండి తెచ్చింది. సాక్ష్యాన్ని తినేస్తున్నామని నేనన్నాను. ఆమె నవ్వింది. అర్థమయ్యే నవ్వింది.

నా రెండు నెలలూ ఎప్పుడో అయిపోయాయి. ఢిల్లీ వాళ్ళకి నివేదిక పంపాలి. ఎంతమందికి న్యాయం అందింది అన్న గడిలో ఏం రాయాలో తెలియక ఆయన్ని అడిగాను.

"అడ్డగీత పెట్టు. గీత కూడా జవాబే."

పర్యవేక్షకుడి అభిప్రాయం అన్న చోట ఆయన హిందీలో రెండే వాక్యాలు రాశారు. "జోకులు బాగా చెబుతాడు. ఎవరి ముందు చెప్పాలో నేర్చుకుంటున్నాడు." నకలు తన దగ్గర ఒక అట్టలో పెట్టుకుని, పైన సుద్దతో "సిక్" అని రాసి, ఆ అమ్మాయి ఫైలు పక్కనే సర్దారు.

"ఇదేంటి బాబాయి గారూ, నేనేమైనా వ్యాగన్నా?"

"వ్యాగనైతే ఈపాటికి ఫిట్ అయ్యేది" అన్నారు.

ఫెలోషిప్ అయిపోయినా నేను పోలేదు. ఎందుకు పోలేదని అమ్మ అడిగితే కూలరు రిపేరు చేయించారని చెప్పాను. చేయించలేదు. లా అయ్యాక నల్లకోటు వేసుకుని అక్కడే చేరాను. ఆయన నడక ఏడాదేడాదికీ తగ్గింది. వరండాలో బెంచీ నుంచి బెంచీకి మజిలీలు చేస్తూ వచ్చేవారు. ఆఖరి వాదన కూడా కూర్చునే చెప్పారు, జడ్జి అనుమతితో. వాదన అయ్యాక నా భుజం పట్టుకుని లేస్తూ, "తీర్పు రోజున అమ్మాయిని ముందు వరసలో నిలబెట్టు. చెవులతో వినాలి" అన్నారు. తీర్పుకి వారం ముందు జ్వరమన్నారు. ముందు రోజు పోయారు.

అలా బోర్డు మీద ఆ ప్రకటన పడింది.

నేను కోర్టు హాల్లోకి వెళ్ళేసరికి జడ్జి లేవబోతున్నారు. ఆ అమ్మాయి ముందు వరసలో నిలబడి ఉంది. ఆయన పోయారని బస్టాండులోనే విందట. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంచి చేతిలోనే ఉంది.

"ఆజ్ తో కామ్ బంద్ హై" అన్నారు జడ్జి నాతో, జాలిగా. పైనెలకి వాయిదా వెయ్యడానికి కలం తీశారు.

వాదించకూడని రోజు. వాదించలేదు. "సర్, ఆయన ఒక మాట చెప్పమన్నారు" అన్నాను. "తను పోయిన రోజున కోర్టు ఆపొద్దన్నారు. నేను నవ్వులాటకి అర్జీ రాసిమ్మన్నాను. రాసివ్వలేదు. కాబట్టి నా దగ్గర కాగితం లేదు."

జడ్జి తలుపు వైపు చూశారు. అక్కడ కాంట్రాక్టరు వకీలు నిలబడి ఉన్నాడు, సంతాప సభకి వెళ్తూ ఆగినట్టున్నాడు. ఆయన ఒప్పుకోనంటే అయిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తీర్పు చదవడానికి వకీళ్ళెందుకు సాబ్" అన్నాడు. "పఢ్ దీజియే. లేకపోతే ఆ ముసలాయన పైనుంచి నా మీద అర్జీ వేస్తాడు."

జడ్జి రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, కూర్చుని, చదివారు. చాలా పొడుగ్గా ఉంది. చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. మృతుడు దరఖాస్తుదారు తండ్రి అని రుజువైంది, పరిహారానికి ఆమె హక్కుదారు అన్నారు.

సాయంత్రం నకలు తీసుకుని ఇద్దరం తెలీబంధా గదికి వెళ్ళాం. తాళంచెవి నా దగ్గరే ఉంది. బల్ల కింద ఎడమ బూటు ఒక్కటే ఉంది. ఎవరూ తియ్యలేదు. ఈ మూడేళ్ళలో ఆమె హిందీ చదవడం నేర్చుకుంది. నకలు ముందేసుకుని వేలు పెట్టి వెతికింది.

"ఇక్కడ పితా అనుంది. నాన అని లేదేటి?"

"అది రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

ఆమె ఆ మాట మీద వేలు అలాగే ఉంచి కూర్చుంది. "ఇది నాకు ముందే తెలుసు కదన్నా. ఈళ్ళకే ఇన్నేళ్ళు పట్టింది."

నేను గూట్లోంచి ఆమె ఫైలు తీసి, అరచేత్తో "సిక్" చెరిపాను. మొండి సుద్ద, ఒక పట్టాన పోలేదు. కొక్కేనికి వేలాడుతున్న కోటు జేబులో చెయ్యి పెడితే ముక్కలు దొరికాయి. ఒకటి తీసి ఆమెకిచ్చాను. ఎలా రాయాలో చెప్పాను. ఆమె తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, "ఫిట్" అని రాసింది. ఒత్తులేమీ లేని మాట. తప్పు పడే అవకాశం లేదు.

ఫైలు మళ్ళీ గూట్లో పెడుతూ పక్కనున్న పల్చటి అట్ట చూసింది. దాని మీద నా పేరుంది. ఆయన రాసింది కాబట్టి ఇంటిపేరు ఇంటిపేరు చోటే ఉంది.

"ఇది నీదేనా అన్నా? దీన్ని కూడా సెరిపీమంటావా?"

"వద్దు. అది ఇంకా షాపులోనే ఉంది" అన్నాను.

ఆమె సుద్దముక్క తిరిగి కోటు జేబులో వేసేసింది.